జేబులోని యంత్రము, దూరమందలి లెక్క

రేడియో పెట్టె మన యింట నుండును. పాట మాత్రము మన యింట పుట్టదు. గాయకులు, వాద్యములు, యంత్రశాల, ఎత్తైన స్తంభము, ఇవన్నియు ఎక్కడనో యుండగా, ఇంటి పెట్టె తేలిక పని మాత్రము చేసి మనలను ఆనందింపజేయును. బరువును దూరమున నుంచి ఫలమును దగ్గరకు తెచ్చుకొను ఈ యేర్పాటు శ్రోతలకు క్రొత్త గాదు. నేటి మొబైల్ ఫోనులు చేయుచున్నదియు ఇంచుమించుగా ఇదియే. భేద మొక్కటి కలదు. రేడియో మన యింటినుండి ఏమియు గొనిపోదు, ఫోను గొనిపోవును.

2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తెలుగు పలుకును విని అక్షరములుగా వ్రాయు సౌకర్యమును ఫోనులయందు ప్రవేశపెట్టినది. మైకు గుర్తును తాకి "రేపు ప్రొద్దుటి బస్సుకు వస్తాను" అన్నచో, ఆ మాటలు తెరపై నిలుచును. ఫోనే వ్రాసినదని మనకు తోచును. కాని ఇట్టి సౌకర్యములు పుట్టిన నాడు, పలుకు దూరముననున్న సర్వరులను చేరి, అక్కడ లెక్క జరిగి, అక్షరములై తిరిగి వచ్చెడిది. ఆ సర్వరుల సముదాయమునకే క్లౌడు, అనగా మేఘమని పేరు. పేరు పెట్టినవారు కవులు కాబోలు! అది నేలమీదనే, గట్టి కప్పు క్రింద, వేలకొలది కంప్యూటర్లతోను, వానిని చల్లబరచు యంత్రములతోను, ఎడతెగని విద్యుత్తుతోను నిలిచియున్నది. అమెజాన్ సంస్థ అట్టి కేంద్రముల సముదాయము నొకదానిని 2022 నవంబరులో హైదరాబాదునందే తెరచినది.

ఏ పనిని పంపవలెను? ఏ పనిని ఉంచుకొనవలెను? అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన కార్తీక్ కుమార్, యుంగ్ సియాంగ్ లూ అనువారు 2010లో ఈ ప్రశ్నను బ్యాటరీ ఖర్చు దృష్టితో విచారించిరి. వారు చూపిన ఉదాహరణములలో చదరంగ మొకటి. బల్లపై గళ్లు 64, పావులు 32. ఏ పావు ఎక్కడ నున్నదో తెలుపుటకు చిన్న చీటీ చాలును; మంచి యెత్తును వెదకుటకు అపారమైన లెక్క వలయును. మూట చిన్నది, పని పెద్దది, పంపుట లాభము. ఒక ఛాయాచిత్రమును కొంచెము వెలుగుపరచుటకై చిత్రమునంతను పంపి తిరిగి తెప్పించుకొనుట యన్ననో, దోసెడు బియ్యము దంచుటకు పొరుగూరికి బండి కట్టినట్లుండును. ఇంతేకాదు. పంపుటకును బ్యాటరీ ఖర్చగును; సిగ్నలు బలహీనమైనకొలది ఆ ఖర్చు పెరుగును. కావున పట్టణమున పంపదగిన పనియే, సిగ్నలు అందీ అందని పల్లెలో ఉంచుకొనదగినది కావచ్చును. ఈ నిర్ణయమును ముందుగా చేసి పెట్టుట కుదరదు. పని నడుచుచుండగా అప్పటికప్పుడు తేల్చు పద్ధతి నొకదానిని మైక్రోసాఫ్టు పరిశోధకులును కొన్ని విశ్వవిద్యాలయముల వారును కలిసి ఆ 2010లోనే రూపొందించిరి.

దూరమునకు వేరొక మూల్యము కలదు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. వెయ్యి కిలోమీటర్లు పోయి వచ్చుటకు సెకనులో నూరవ వంతు. దారి మలుపులు, మజిలీలు కలిసి ఇంకను ఎక్కువ. ఉత్తరము వ్రాయువానికి ఇది లెక్క కాదు. కంటిముందున్నదానిని చూచి వెంటనే దారి చెప్పవలసిన కళ్లజోడునకు లెక్కయే. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన మహదేవ్ సత్యనారాయణన్ 2001లోనే, పశువు చుట్టుప్రక్కల మేత మేసినట్లు చిన్న యంత్రము పరిసరములందలి గణనశక్తిని వాడుకొనవచ్చునని వ్రాసిరి. దూరపు మేఘమునకు బదులు చేరువలోనే చిన్న మేఘముల నుంచవలెనని 2009లో ఆయనయు సహచరులును సూచించిరి.

ఇక మా మనస్సున మెదలుచున్న విషయము. 2019 జూలైలో, ఆపిల్ సంస్థవారి సిరి విన్న పలుకులలో కొన్నింటిని కాంట్రాక్టు ఉద్యోగులు వినుచుండిరని పత్రికలు బయటపెట్టెను. ఆగస్టులో సంస్థ క్షమాపణ చెప్పినది. సమ్మతించినవారి పలుకులనే ఇకపై వినెదమన్నది. ఆ సంవత్సరమే గూగుల్ పలుకును వ్రాయు ఏర్పాటును 80 మెగాబైట్లకు కుదించి తన ఫోనులోనే యిమిడ్చినది. మొదట అమెరికా ఇంగ్లీషునకు మాత్రమే. 2021లో ఆపిల్ కూడ పలుకును ఫోనులోనే గ్రహించు పద్ధతిని తెచ్చినది. 2018 నాటి చిప్పు గాని అటు తరువాతిది గాని యున్న ఫోనులకే అది దక్కినది. నాటి భాషల జాబితాలో తెలుగు లేదు.

కావున ఖరీదైన ఫోను గలవాని ఇంగ్లీషు జేబు దాటనక్కరలేకపోయెను. చవుక ఫోనులో తెలుగు పలికినవాని మాట మాత్రము ఊరు దాటిపోయెను. ఆ చవుక ఫోనునకు అంతటి శక్తిని ఒసగినది ఆ దూరపు సర్వరే యన్నమాటయు నిజమే. అది లేనిచో అతనికి ఆ సౌకర్యమే లేదు. అయినను ఈ బేరమును అతని కెవరును విప్పి చెప్పలేదని మా అభిప్రాయము.

శ్రోతలు తమ ఫోనును పరీక్షించి చూడవచ్చును. ఇంటర్నెట్టును పూర్తిగా ఆపి, మైకు గుర్తును తాకి, ఒక తెలుగు వాక్యము పలుకుడు. అక్షరములు పడెనా, పని మీ చేతిలోనే జరిగినది. పడకున్నచో, మీ పలుకు ఇన్నాళ్లును ఎక్కడికో పోయి వచ్చుచున్నదని తలపవచ్చును.