మంజీర మీది రాతికట్ట

సాహిత్యసభకు అధ్యక్షుడైనవాడు కవిని గూర్చియో కావ్యమును గూర్చియో ప్రసంగించుట ఆచారమై యుండగా, బిచ్కుందకు వచ్చి నేనొక ఇంజనీరును గూర్చి చెప్పబూనుట మీలో కొందఱకు వింతగా తోపవచ్చును. అయినను సప్తసంతానములను లెక్కించినపుడు మన పూర్వులు కృతిని, తటాకమును ఒక్క బంతిలోనే కూర్చుండబెట్టిరి గదా! గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడితోపాటు చెఱువును గూడ నిలిపెను. చెఱువు త్రవ్వించినవాని పేరు శిలమీద చెక్కించిన దేశము మనది. మన తరమువారము మాత్రము కాలువనీరు త్రాగుచునే ఆ కాలువను తెచ్చినవాని పేరు మఱచితిమి.

ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11వ తేదీన హైదరాబాదులో జన్మించి, నిజాం కళాశాలలో చదివి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1899లో తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో సహాయక ఇంజనీరుగా కుదిరెను. 1918 నాటికి చీఫ్ ఇంజనీరయ్యెను. 1908లో మూసీనది నగరమును ముంచిన పిదప విశ్వేశ్వరయ్యగారు చేసిన సూచనలు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములుగా రూపుదాల్చినది ఈయన హయాములోనే. పోచారము, పాలేరు, వైరా మొదలగు ఆయన జలాశయముల పేర్లన్నియు వల్లించి మీ సహనమును పరీక్షింపను.

నా మనస్సు నిలిచినది నిజాంసాగరముమీదనే. అచ్చంపేటవద్ద మంజీరకు అడ్డముగా 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ రాతికట్టడము 2,75,000 ఎకరములకు నీరిచ్చుటకై సంకల్పింపబడినది. ఆ నీటివెంబడి బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతములు వరిపైరుతో నిండెను. కృష్ణాతీరమునుండి రైతులు తరలివచ్చి స్థిరపడిన పల్లెలకు నేటికిని 'క్యాంపు' అనియే పేరు. చెఱకు పెరిగెను, బోధనులో 1937లో చక్కెర కర్మాగారము వెలసెను.

ఇక మన బిచ్కుంద ఒడ్డు సంగతి. పెద్దకాలువ ఆవలి ఒడ్డునే పోయినది. మనకు నల్లరేగడి, జొన్న, పత్తి, మొగులు. బాల్యమున పెండ్లికని బాన్సువాడ వైపు పోయినపుడు, పచ్చని మడులమీదుగా వచ్చిన తడిగాలి ముఖమునకు సోకగానే మా నాయనమ్మ బండిలోనే నిట్టూర్చి, "వాళ్లకేంది, కాల్వ కిందోళ్లు!" అనినది. ఆ మాటలోని అసూయను, అలుకను, ఒకింత గౌరవమును ఏ నిఘంటువును నాకు తెలుపలేదు. నీరు పల్లమెఱుగును, నిజమే. కాని పటముమీద గీత గీయునది మనుష్యుని చేయి. ఒక ఒడ్డుకు పంట, ఇంకొక ఒడ్డుకు ఎదురుచూపు, జలాశయగర్భమునకు మునిగిన పల్లెలు: ఇవన్నియు ఆ గీతలోనివే. కవి తన పద్యమును కొట్టివేసి తిరిగి వ్రాసికొనగలడు. ఇంజనీరునకు ఆ సౌలభ్యము లేదు. అందుచేతనే వారి వృత్తిని నేను కించిత్తు భయముతో గౌరవింతును.

అలీ నవాజ్ జంగ్ ప్రజ్ఞ నిజాము రాజ్యమునకే పరిమితము కాలేదు. సింధునదిమీద సుక్కూరువద్ద కట్టుచున్న ఆనకట్టను పరిశీలించుటకు బొంబాయి ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారితోపాటు ఈయనను నియోగింపగా, 1929లో ఇరువురును నివేదిక సమర్పించిరి. ఆ ఆనకట్ట నేడు పాకిస్తానులో నున్నది. అచ్చటి ఇంజనీర్ల చరిత్ర వ్రాయువారికిని మన హైదరాబాదువాడు తటస్థపడక తప్పదు. 1938లో ఏర్పడి నెహ్రూ అధ్యక్షతన నడచిన జాతీయ ప్రణాళికాసంఘమున నీటిపారుదల ఉపసంఘమునకు ఈయనయే అధ్యక్షుడు. 1949 డిసెంబరు 6న కీర్తిశేషుడయ్యెను. జూలై 11ను తెలంగాణ ప్రభుత్వము ఇంజనీర్ల దినముగా ప్రకటించినది. ఆ దినమున దండ వేయుట సులభమే, ఆయన నివేదికలను చదువుట కష్టము.

దాదాపు 30 టీఎంసీల నీటికై కట్టిన సాగరము పూడికచేత నేడు 18కి లోపడినది. ఎగువన సింగూరు జలాశయము వెలసినది. మన ఒడ్డువారు లెండి ప్రాజెక్టు నీటికై దశాబ్దములుగా ఎదురుచూచుచున్నారు. ఈ కథ యంతయు తెలుగున నిండుగా చెప్పబడవలసియున్నది. కావ్యములకు పీఠికలు వ్రాయు పండితులలో ఒక్కరైనను ఆ పాత అంచనాపత్రములు, కొలతల పుస్తకములు ముందు వేసికొని కూర్చుండవలెనని నా ప్రార్థన. వానిలోని వచనమునకు అలంకారములు లేకున్నను, తప్పు వ్రాసినచో కట్ట తెగునన్న జాగ్రత్త గలదు.

రేపు సభ ముగిసిన పిదప తీరిక గలవారు అచ్చంపేటకు పోయి ఆ కట్టమీద నడచి రండు. మా నాయనమ్మ నిట్టూర్పు ఎటునుండి వచ్చినదో, కాలువ ఎటు తిరిగినదో మీకే కనబడును.