అవయవవైకల్యము – గ్రంథాలయ ధర్మము



భారతమున అరణ్యపర్వమందు జనకుని ద్వారపాలకుడు, బాలుడవని అష్టావక్రుని అడ్డగించెను. లోనికేగిన ఆ వక్రాంగుడే వందిని వాదమున గెలిచెను.

సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డలును అట్లే వాకిట నిలిచియున్నారు. వికసించు మెదడునకు గలిగిన హానిచే వారి కాలుసేతులు స్వాధీనమున నుండవు. ఇది అంటువ్యాధి కాదు, పూర్వపాపఫలమును కాదు. పలుకు తడబడినను పలువురి గ్రహణశక్తి చురుకైనదే. నిటారుగ కూర్చుండబెట్టి చిన్నముద్దలు తినిపించుట, ప్రశ్నించి బదులుకై ఓపికపట్టుట మనకు నిత్యకృత్యములు కావలెను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్యను హక్కుగా నొసగినది. హైదరాబాదున బషీర్‌బాగ్ బిడ్డకును మన పల్లెబిడ్డకును అది సమానమే.

ఈ రజతోత్సవవేళ మన గ్రంథాలయపు మెట్లప్రక్క వాలుబాట కట్టింతము. ద్వారపాలకులము మనము కారాదు.