కాదన్నాక నిలబడే చోటు



ఈ ఉపన్యాసంతో మనం స్మరించుకుంటున్న ప్రధానోపాధ్యాయిని గారి అలవాటు ఒకటి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఏ తండ్రయినా టీసీ కోసం వస్తే, "అమ్మాయిని కూడా తీసుకురండి" అనేవారు. అమ్మాయి వచ్చాక తండ్రిని వరండాలో కూర్చోబెట్టి, ఆమెను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి, ఏ కాలేజీలో చేరుతున్నావని అడిగేవారు. పిల్ల తల వంచుకుందంటే ఎక్కడో సంబంధం కుదిరిందన్నమాటే. అటువంటి మనిషి పేరున జరిగే సభలో, ఇష్టంలేని కాపురాన్ని కాదని డాక్టరైన రఖ్మాబాయి గురించి మాట్లాడటం సబబనిపించింది.

రఖ్మాబాయి 1864లో బొంబాయిలో, వడ్రంగి పని కులవృత్తిగా ఉన్న సుతార్ కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. ఆ కులంలో మారుమనువుకు అడ్డు లేదు. తల్లి జయంతీబాయి డాక్టర్ సఖారాం అర్జున్‌ను చేసుకునే ముందు, మొదటి భర్త ఆస్తిని కూతురి పేర పెట్టారు. పదకొండో ఏట రఖ్మాబాయికి పందొమ్మిదేళ్ళ దాదాజీ భికాజీతో పెళ్ళి చేశారు. పిల్ల ఈడేరాక కార్యం జరిపించాలని ఒత్తిడి వచ్చినా, వైద్యుడైన సఖారాం ఒప్పుకోలేదు. అల్లుడు చదువు గాలికి వదిలేశాడు. రఖ్మాబాయి పుట్టింట్లోనే ఉండి, మిషనరీల గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదువుకున్నారు.

1884లో దాదాజీ, భార్యను కాపురానికి పంపించాలంటూ బొంబాయి హైకోర్టులో దావా వేశాడు. 1885లో జస్టిస్ పిన్హీ దాన్ని కొట్టేశారు. మొదలే కాని కాపురాన్ని పునరుద్ధరించేదేమిటన్నది ఆయన తర్కం. నిజానికి దాంపత్య హక్కుల పునరుద్ధరణ అనే దావా మన ధర్మశాస్త్రాల్లోది కాదు, ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి దిగుమతి అయింది. అయినా హిందూ ధర్మానికి చేటు వచ్చిందని గగ్గోలు పుట్టింది. తిలక్ 'కేసరి' పత్రిక రఖ్మాబాయిని తీవ్రంగా దుయ్యబట్టింది. అప్పీలులో పిన్హీ తీర్పు నిలవలేదు. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ నెల రోజుల్లో భర్త దగ్గరకు వెళ్ళాలనీ, లేదంటే ఆరు నెలలు జైలనీ తీర్పిచ్చారు. జైలుకే వెళతానన్నారు రఖ్మాబాయి. అప్పటికే ఆమె 'ఒక హిందూ స్త్రీ' పేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకు లేఖలు రాసి, బాల్యవివాహం ఆడపిల్ల చదువును ఎలా మింగేస్తుందో చెప్పి ఉన్నారు. చివరికి 1888లో రెండు వేల రూపాయలు పుచ్చుకుని దాదాజీ రాజీకి వచ్చాడు. మరుసటి ఏడాది ఆమె లండన్ వెళ్ళి, స్త్రీల వైద్య కళాశాలలో చదివారు. తిరిగొచ్చి సూరత్‌లోనూ, తర్వాత రాజ్‌కోట్‌లోనూ దశాబ్దాల పాటు స్త్రీలకు వైద్యం చేశారు. 1955లో కన్నుమూశారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె ధైర్యాన్ని మెచ్చుకుని ఊరుకుంటాం. ధైర్యం ఉంది, కాదనను. అయితే ఆ ధైర్యం వెనక ఏమేం ఉన్నాయో లెక్క చూడండి. పొమ్మనని పుట్టిల్లు ఉంది. తన పేర ఆస్తి ఉంది. ఈడు రాకముందే కాపురమేమిటని అడ్డుపడ్డ మారుతండ్రి ఉన్నాడు. కామా ఆసుపత్రి వైద్యురాలు ఈడిత్ పీచీ, సంస్కర్త మలబారి వంటివాళ్ళు అండగా నిలిచారు. ఇవేవీ లేని ఫూల్మణి దాసి అనే పసిపిల్ల 1890లో కలకత్తాలో భర్త చేతిలో ప్రాణం పోగొట్టుకుంది. పిల్లకు పదేళ్ళు దాటాయి కనుక చట్టం దాన్ని అత్యాచారంగా లెక్కించలేదు. 1891లో ఆ వయసును పన్నెండుకు పెంచారు. ఇద్దరి మధ్య తేడా గుండెనిబ్బరంలో లేదు, వెనకున్న ఇంట్లో ఉంది.

రఖ్మాబాయిని కోర్టుకీడ్చినటువంటి దావా మన గడప కూడా తొక్కింది. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, ఆ దావాకు వీలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. ఇంగ్లండు 1970లోనే ఈ దావాను రద్దు చేసుకుంది. మనం ఇంకా అట్టే పెట్టుకున్నాం.

ఇవాళ ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు పద్దెనిమిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు దేశంలో 23.3 శాతం. తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. ఇంజనీరింగ్ కాలేజీలు, అమెరికా చదువుల గురించి గొప్పగా చెప్పుకునే మనం ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

చట్టంలో దారి లేకపోలేదు. 1098కి ఫోన్ చేస్తే పెళ్ళి ఆపడానికి మనుషులు వస్తారు. 2006 చట్టం ప్రకారం, మైనరుగా ఉన్నప్పుడు జరిగిన పెళ్ళిని రద్దు చేయమని మేజరయ్యాక కూడా రెండేళ్ళలోపు కోర్టును కోరవచ్చు. ఇరవై ఏళ్ళు నిండేదాకా ఆ తలుపు తెరిచే ఉంటుందని ఎంతమంది ఆడపిల్లలకు చెప్పాం? అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అధికారులు తండ్రి చేత హామీపత్రం రాయించుకుని జీపెక్కి వెళ్ళిపోతారు. పిల్ల మాత్రం పెళ్ళి చెడగొట్టిందని తిట్టే ఆ ఇంట్లోనే ఆ రాత్రి అన్నం తినాలి. పైగా పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఎక్కువగా పడేది ఎండాకాలంలో. సరిగ్గా అప్పుడే కస్తూర్బా విద్యాలయాలకు, గురుకులాలకు సెలవులిచ్చి పిల్లల్ని ఇళ్ళకు పంపేస్తాం. చదువు ఆగకుండా కాపాడవలసిన గది, కావలసిన నెలన్నరా తాళం వేసి ఉంటుంది.

అందుకే ఈ ఉపన్యాస నిధిని ఏర్పాటు చేసిన పూర్వ విద్యార్థినులకు రెండు కోరికలు. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకు ఈ రద్దు హక్కును పాఠంలా చెప్పండి. మండలానికి ఒక్క బాలికల హాస్టలైనా వేసవిలో తెరిచి ఉంచమని, ఒక వార్డెన్‌ను, ఒక వంటమనిషిని ఇమ్మని కలెక్టరు గారిని అడగండి. మంజూరు ఆలస్యమైతే వచ్చే ఏడాది ఈ ఉపన్యాసం మానుకోండి. వక్తకిచ్చే పారితోషికం, ఉపన్యాస పుస్తకం అచ్చు ఖర్చు కలిపితే కొందరు పిల్లలకు ఆ నెలన్నర భోజనం పెట్టొచ్చు. ఈసారి నాకివ్వదలచుకున్నది కూడా ఆ ఖాతాలోనే వేయండి.