ఇంటి ఫోను ఖర్చు – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము



పంచాయతీ సభ్యులతో మాటలాడు అవకాశము లభించినపుడు మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్ను మొదలగు విషయములను గూర్చి చెప్పుట పరిపాటి. నేడు మేము ఎన్నుకొన్న విషయము కొంత క్రొత్తగా తోచవచ్చును. అది ఇంటింటి ఫోను ఖర్చు, బ్రాడ్‌బ్యాండు ఖర్చు. ఎవరి ఇంటి ఖర్చు వారిది గదా, పంచాయతీకి దీనితో ఏమి పని యని మీరు అడుగవచ్చును. ప్రసంగము ముగియులోపల ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలమని మా నమ్మకము.

ఒకప్పుడు ఊరంతటికి ఒక్క టెలిఫోను ఉండుటయే గొప్ప. పట్నమునుండి కబురు వచ్చినదనిన ఆ ఫోను ఉన్న చోటికి పరుగెత్తవలసి యుండెను. నేడు ఇంటికి నాలుగు ఫోనులు. బ్యాంకు లావాదేవీ, గ్యాసు బండ, పిల్లల చదువు, దూరదేశమందున్న కొడుకు క్షేమ సమాచారము అన్నియు దానిపైననే ఆధారపడి యున్నవి. కనుక ఫోను మానుడని మేము చెప్పుట లేదు. వాడని దానికి వెల చెల్లించుట మానుడని మాత్రమే చెప్పుచున్నాము.

లెక్క చూడుడు

సులువుగా అర్థమగుటకు ఒక ఇంటి లెక్క వేసికొందము. ఆ ఇంట తాత, నాయనమ్మ, కొడుకు, కోడలు ఉన్నారు. నలుగురికి నాలుగు ఫోనులు. ఒక్కొక్క ఫోనుకు 28 దినములకొకసారి 300 రూపాయల చొప్పున రీచార్జి చేయించుచున్నారు. ఇంటికి ఫైబరు కనెక్షను కూడ కలదు. దాని నెల అద్దె 399 రూపాయలు.

ఏడాదికి నెలలు పండ్రెండే యైనను, 28 దినముల రీచార్జి పదమూడు పర్యాయములు చేయవలసి వచ్చును. నాలుగు ఫోనులకు కలిపి ఏడాదికి 15,600 రూపాయలు. ఫైబరు 399 రూపాయలని ప్రకటనలో కనబడినను, దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. చేరి సుమారు 471 రూపాయలగును. ఏడాదికి 5,650. వెరసి 21,250 రూపాయలు. ఎరువుల ఖర్చు, విత్తనముల ఖర్చు పైసలతో సహా చెప్పగల రైతు కూడ ఈ మొత్తమును ఎన్నడును కూడి చూడడు. మూడు వందలు మూడు వందలుగా జారిపోవు సొమ్ము గనుక అది కంటికి కనబడదు.

కావున మొదటి సూత్రము: పథకము వెలను దాని దినములతో భాగించి చూడవలెను. మూడు నెలలని చెప్పెడి పథకము 84 దినములదే కావచ్చును. 30 దినముల వ్యవధి గల పథకము ఒకటి, ప్రతి నెల అదే తేదీన మరల చేయించుకొనదగినది ఒకటి తప్పక ఉంచవలెనని ట్రాయ్ అను టెలికాం నియంత్రణ సంస్థ 2022లో కంపెనీలను ఆదేశించినది. దుకాణదారుడు ముందుగా చూపినదే తీసికొనక, తక్కినవియు చూపుమని అడుగుట మన హక్కు.

మాటలకు మాత్రమే పథకము

మన ఇంటి లెక్కలోని నాయనమ్మ ఫోను చూడుడు. ఆమె వద్ద నున్నది మీటల ఫోను. కూతురు పిలిచిన మాటలాడును, అంతే. అయినను ఆమె చేయించు రీచార్జిలో దినమునకు ఇంత డేటా యని వెల కట్టబడి యున్నది. త్రాగని పాలకు ప్రతి నెల వాడుక డబ్బు ఇచ్చుట వంటిది ఇది.

ఇట్టి వారికొరకే ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధనలు సవరించి, డేటా లేకుండ మాటలకు, ఎస్.ఎమ్.ఎస్.లకు మాత్రమే పనికివచ్చు పథకములను వేరుగా ఉంచవలెనని నిర్ణయించినది. వాటి వ్యవధి 365 దినముల వరకు ఉండవచ్చును. 2025 జనవరిలో కంపెనీలు వీటిని ప్రవేశపెట్టినవి. ఏడాది పొడవునా మాటలాడుకొను పథకము ఆనాడు సుమారు 1,850 రూపాయలకు లభించినది. వెలలు మారుచుండును గనుక నేటి వెల అడిగి తెలిసికొనవలెను. ఆ లెక్కను పట్టి చూచిన, 3,900 రూపాయలు ఖర్చగుచున్న ఒక ఫోనుపై 2,050 రూపాయలు మిగులును. తాతకు, నాయనమ్మకు కలిపి 4,100. కోడలు ఎక్కువగా ఇంటనే యుండి ఫైబరు వైఫైనే వాడుచున్నచో ఆమెకును ఈ పథకమే చాలును. అప్పుడు మిగులు 6,150 రూపాయలు.

ఇందు సొమ్ముకంటె పెద్ద సంగతి మరియొకటి కలదు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు వెలలు పెంచినవి. పింఛనుపై బ్రతుకు వృద్ధులు అంత చెల్లింపలేక రీచార్జి మానినచో, కొంతకాలమునకు సంఖ్య రద్దగును. రద్దయిన సంఖ్యను గడువు గడచిన పిమ్మట కంపెనీ వేరొకరికి ఇచ్చును. బ్యాంకు ఖాతాకు, ఆధారుకు ముడిపడిన సంఖ్య అదియే యైనచో, ఓటీపీలు పరుల చేతికి పోవును. తక్కువ వెల పథకము ఒకటి కలదని సకాలములో చెప్పువారుండిన ఈ ఆపద తప్పును.

ఫైబరు కనెక్షను

ఫైబరు విషయమున వేగము ఎంత కావలెనను ప్రశ్న ముఖ్యము. హెచ్.డి. సినిమా చూచుటకు సెకనుకు 5 మెగాబిట్ల వేగము చాలును. ముగ్గురు ఒకేసారి చూచినను 15. కావున సామాన్య కుటుంబమునకు 30 మెగాబిట్ల పథకము సరిపోవును. వేగము లేదని పెద్ద పథకమునకు మారుటకు ముందు, రూటరు పెట్టె ఎచ్చట ఉన్నదో చూడుడు. ఇనుప బీరువా వెనుక పెట్టిన రూటరు ఎంత వెల చెల్లించినను సరిగా పనిచేయదు.

వైఫై లేనిచోట సెల్‌ఫోను డేటాతో సినిమాలు చూచువారు ఒక సంగతి గ్రహింపవలెను. హెచ్.డి. చిత్రము గంటకు సుమారు 3 జి.బి. హరించును. సాధారణ చిత్రము 1 జి.బి.కి మించదు. దినమునకు 1.5 జి.బి. గలవానికి హెచ్.డి. అరగంటకు మించి రాదు. అమరికలలో చిత్రపు నాణ్యత తగ్గించుకొన్నచో అదనపు డేటా కొనవలసిన పని ఉండదు.

ఆరు నెలలకో, ఏడాదికో ముందుగా చెల్లించినచో కొందరు రాయితీ ఇత్తురు. మంచిదే. కాని తీగ తెగినపుడు ఎన్ని దినములకు బాగుచేయుదురో తెలియని క్రొత్త వారికి ఏడాది సొమ్ము ముందే ఇయ్యరాదు. రెండు నెలలు వాడి చూచి పిమ్మట ఇయ్యవలెను. రూటరుకు డిపాజిట్టు కట్టినచో రసీదు భద్రపరుపవలెను.

సంఖ్య మారదు, కంపెనీ మారవచ్చును

పాత సంఖ్య పోవునను భయముచే సేవ బాగులేకున్నను పలువురు అదే కంపెనీలో ఉండిపోవుచున్నారు. 2011 జనవరినుండి దేశమంతట సంఖ్య మార్చుకొనకయే కంపెనీ మార్చుకొను సౌకర్యము కలదు. 'పోర్ట్' అని ఆంగ్లమున వ్రాసి, కొంచెము ఎడము విడిచి, మన సంఖ్య వేసి 1900కు సందేశము పంపవలెను. వచ్చిన సంకేతము నాలుగు దినములు చెల్లును. దానితో క్రొత్త కంపెనీ దుకాణమునకు పోవలెను. కనెక్షను తీసికొని 90 దినములు నిండియుండవలెను. నెల చివర బిల్లు వచ్చు పద్ధతివారు పాత బాకీ తీర్చవలెను. పాత పథకములో మిగిలిన దినములు చెల్లవు గనుక, వ్యవధి ముగియు సమయమున మారుట లాభము. మారుటకు ముందు మన ఇంటిలోను, పొలములోను ఆ కంపెనీ సిగ్నలు అందునో లేదో పొరుగువారి ఫోనుతో పరీక్షింపవలెను.

అడుగకయే పాటలో, జాతకములో తగిలించి సొమ్ము కోసినచో 155223కు 'స్టాప్' అని సందేశము పంపవలెను. తప్పు బిల్లు వచ్చినచో మొదట కంపెనీకి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను. తృప్తి కలుగనిచో ఆ కంపెనీ అప్పీలు అధికారికి రుసుము లేకయే అప్పీలు చేయవచ్చును. మన పేరుతో ఎన్ని సిమ్ములు ఉన్నవో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీలో చూచుకొని, మనవి కానివానిని తెలియపరుపవచ్చును.

పంచాయతీ చేయదగినది

ఇక మొదటి ప్రశ్నకు వత్తుము. ఊరిలో రెండు వందల ఇండ్లవారు ఏడాదికి నాలుగేసి వేలు మిగిల్చినచో ఎనిమిది లక్షల రూపాయలు ఆ గ్రామమునందే నిలుచును. ఏ గ్రాంటు కొరకును ఎదురుచూడకుండ చేకూరు సొమ్ము ఇది. ఇందుకు పంచాయతీ ఖర్చు చేయవలసినది ఏమియు లేదు. చెప్పువారు ఉండిన చాలును.

మూడు పనులు సూచించుచున్నాము. మొదటిది: మన ఊరిలో పనిచేయు కంపెనీల చౌక పథకములను, వాటి దినములను, పన్నుతో కలిపిన వెలను ఒక పలకపై వ్రాసి పంచాయతీ కార్యాలయమున కట్టించి, మూడు నెలలకొకసారి సరిదిద్దవలెను. రెండవది: చదువుకొన్న యువతీ యువకులు నలుగురు పింఛను పంచు దినమున కూర్చుండి, వృద్ధుల ఫోనులకు ఏ రీచార్జి చాలునో చూచి చెప్పవలెను. చెప్పుట వరకే వారి పని. ఓటీపీ గాని, రహస్య సంఖ్య గాని ఎవరును అడుగరాదు, ఎవరును చెప్పరాదు. మూడవది: కేంద్ర ప్రభుత్వము 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి పథకము క్రింద చిన్న దుకాణదారుడు లైసెన్సు రుసుము లేకయే వైఫైని చిల్లరగా అమ్మవచ్చును. అట్టివారికి ఇచ్చు బ్రాడ్‌బ్యాండు వెల ఇండ్లకిచ్చు వెలకు రెట్టింపు మించరాదని ట్రాయ్ 2025 జూన్‌లో నిర్ణయించినది. ఇంటికొక కనెక్షను పెట్టుకొనలేని పేదల పిల్లలు అట్టిచోట కొద్ది సొమ్ముతో పాఠములు దింపుకొనగలరు. ముందుకు వచ్చు దుకాణదారుని పంచాయతీ ప్రోత్సహింపవలెను.

ఊరి చెరువుకు గండి పడిన అందరము పరుగెత్తుదుము. ప్రతి ఇంటినుండి మూడు వందలుగా కారిపోవు సొమ్మునకు గండి కనబడదు గనుక ఎవరును పరుగెత్తరు. ఇంటికి పోయిన వెంటనే మీ ఇంటి ఫోనుల లెక్క ఒక కాగితముపై వ్రాసి చూడుడు. మీ ఇంట మిగిలినచో ఇతరులకు చెప్పుటకు మీకు ధైర్యము కలుగును. రాబోవు గ్రామసభ చర్చనీయాంశములలో ఈ విషయమును ఒకటిగా చేర్చుదురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.