పాతకథపై ప్రజల కేల యింత మక్కువ?

(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



చలనచిత్రముల మాట యెత్తినంతనే చదువుకొన్నవారి పెదవులపై నొక చిఱునవ్వు పొడసూపును. అదే కథ, అదే పాట, అదే పోరాటము. దీనికై జనులు వరుసలు కట్టి నిలుచుటేల యని ప్రశ్నింతురు. తప్పిపోయిన బిడ్డ దొరకును. దుర్మార్గుడు దెబ్బలు తినును. తల్లి కన్నీరు తుడుచుకొనును. ముగింపు మొదటనే తెలియును. నిజమే. కాని వీథిభాగవతమునకు పోయినవారికి సత్యభామ యలుక తీరునో తీరదో యను సందేహ ముండెడిదా? హరిశ్చంద్ర నాటకమును పదిమారులు చూచిన మన తాతలకు కాటిసీను తరువాత నేమి జరుగునో తెలియదా? నటుడు పద్యము నెట్లెత్తుకొనునో వినుటకు వారు తెల్లవార్లు కూర్చుండిరి. వన్సుమోర్ అని యెప్పుడు కేకవేయవలెనో వారికి బాగుగా తెలియును. తెలిసిన కథ నటునికిని ప్రేక్షకునికిని నడుమ నొక ఒడంబడిక. వృత్తిచే వకీళ్లము గనుక మా కీ పోలిక తోచినది.

ఆ ఒడంబడికలో ముఖ్యమైన షరతు న్యాయము. కోర్టు వరండాలలో కాలము గడపువారము మేము. తండ్రి వేసిన భూమి దావా కొడుకు తల నెరసిన పిమ్మట డిక్రీ యగుట చూచినవారము. చిత్రశాలలో మూడుగంటలకు తీర్పు వచ్చును. పైగా కోర్టులో దాఖలు చేయ వీలులేని తల్లి కన్నీరు అచ్చట సాక్ష్యముగా చెల్లును. దీనిని పామరుల వెర్రి యని కొట్టివేయుటకు మే మొప్పుకొనము.

1951లో రాజ్ కపూర్ తీసిన 'ఆవారా' కోర్టులోనే మొదలగును. దొంగ కొడుకు దొంగయే యగునని నమ్మిన యొక న్యాయాధిపతి భార్యను శంకించి యింటినుండి వెడలగొట్టును. ఆమె కన్న బిడ్డయే పెరిగి దొంగయై, ఆ న్యాయాధిపతిపై హత్యాప్రయత్నము చేసిన నేరమునకు బోనులో నిలుచును. తండ్రి యెఱుగని బిడ్డ కథ శాకుంతలము నాటిది. ఇందు క్రొత్త యేమియు లేదు. అయినను 1954లో సోవియట్ దేశమున ఆ చిత్రమునకు ఆరుకోట్లకు పైగా టిక్కెట్లు తెగినవి. యుద్ధమున తండ్రులను గోల్పోయిన యిండ్లు లెక్కకు మిక్కిలిగా నున్న దేశమది!

ఆఫ్రికాలో నైజీరియాయందు కానో యను పట్టణము కలదు. అచ్చటి హౌసా ముస్లిములు లెబనాను వర్తకులు తెచ్చిన హిందీ చిత్రములను దశాబ్దములు చూచిరి. 1957 నాటి 'మదర్ ఇండియా' వారికి కంఠతా వచ్చును. భాష రాదు, మతము వేరు. కాని పెద్దలమాట ఒకవైపు, ప్రేమ ఒకవైపు లాగుట, అప్పులిచ్చువాని దాష్టీకము, ఇంటి పరువు — ఇవి వారి యిండ్లలోని సంగతులే. అమెరికా చిత్రములలో దొరకని యిరుగుపొరుగు మన చిత్రములలో వారికి దొరికినది.

పాతకథకు మరియొక గుణము కలదు. దాని చాటున పెద్ద మాటలు దాగి రాగలవు. 1943లో వచ్చిన 'కిస్మత్' తప్పిపోయిన కొడుకు కథయే; కలకత్తాలో నొక చిత్రశాలయందు మూడేండ్లకు పైగా ఆడినది. అందులో జర్మనుల, జపానీయుల పేరు చెప్పి, విదేశీయులను వెడలిపొమ్మను పాట యొకటి యున్నది. క్విట్ ఇండియా జరిగిన మరుసటి యేడు అది. సెన్సారువారు పేరు విన్నారు. ప్రజలు భావము విన్నారు. మన గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో చలముగారి కథతో 'మాలపిల్ల' తీసినపుడును పాత పనిముట్లే వాడిరి. ఇల్లంటుకొనును; లోన చిక్కినది శాస్త్రిగారి యిల్లాలు; రక్షించువాడు అంటరానివాడని తాము దూరముంచిన మనుజుడు. అగ్నిప్రమాద మంతకంటె అరిగిపోయిన యుక్తి వేరొకటి కలదా? అయినను వంద యుపన్యాసములు కదల్పని గుండెలను అది కదల్చినది. మావంటి యుపన్యాసకులు ఈ మాట ఒప్పుకొనక తప్పదు.

ఇక మా భయము. ఒడంబడికలో షరతు మారుచున్నది. అన్యాయము పొందినవాడు కథకు నడుమ నుండవలసినది. నేటి చిత్రములు పెక్కింట అతడు మూలకు జరిగి, చప్పట్లు కొట్టు గుంపులో నొకడైనాడు. ఠాణా, కోర్టు, శాసనసభ సర్వమును నాయకుని పిడికిలి ముందు బొమ్మలు. ప్రేక్షకుడు న్యాయము కోరుట మాని మొగమును కొలుచుచున్నాడు. నిలువెత్తు బొమ్మలకు పాలు పోయుచున్నాడు. 2024 డిసెంబరులో హైదరాబాదున నొక క్రొత్త చిత్రము తొలి ప్రదర్శనవేళ, నటుని చూచుటకు జనులు విరుచుకొనిపడగా, ఆ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము గోల్పోయినది. ఆమె బిడ్డ ఆసుపత్రి పాలైనాడు. కుటుంబముతో కథ చూడవచ్చిన తల్లి యామె.

కనుక సినిమాకు పోవలదని మేము చెప్పము. చెప్పినను మీరు వినరు. పోయివచ్చి యీ గ్రంథాలయమున నొక గంట కూర్చుండుడు. ఈ కథలో అన్యాయము పొందినదెవరు, వారికి దక్కినదేమి, నాయకుడు లేకున్న వారేమి చేసియుందురు అని యొండొరుల నడుగుడు. వచ్చు శనివారము మన యూర క్రొత్త చిత్రము విడుదల యగుచున్నది. ఆదివారము సాయంకాలము మేమును వత్తుము. మా టిక్కెట్టు మేమే కొనుకొందుము.