పంక్చర్ వేయించాలా, టైరే మార్చాలా?

నల్లగొండ నుంచి దేవరకొండ పోతుంటే ట్యూబ్‌లెస్ టైర్‌లో మేకు దిగింది అనుకోండి. షాపులో "స్ట్రిప్ పెడితే అయిపోతదన్నా" అంటరు. ఆగండి, ముందు మూడు చూడండి.

ఒకటి, రంధ్రం ఎక్కడుంది? రోడ్డుకు తగిలే భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే రిపేర్ చాలు. టైర్ పక్క భాగంలో పడితే మాత్రం మార్చాల్సిందే. బండి నడుస్తుంటే ఎక్కువ వంగేది అక్కడే, స్ట్రిప్ నిలవదు.

రెండు, అరుగుదల. గాడి లోపల చిన్న దిమ్మె ఉంటది. రబ్బరు అరిగి దాంతో సమానమైతే టైర్ పని అయిపోయినట్టే.

మూడు, వయసు. టైర్ పక్కన నాలుగు అంకెలుంటయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. పాతబడి పగుళ్లొస్తే పంక్చర్ డబ్బులు కూడా దండగే.

ముందు టైర్ ఒక్కసారి గాలి పోతే హ్యాండిల్ మన మాట వినదు. పైసలు మిగులుతయని ప్రాణం మీదికి తెచ్చుకోకండి.