నల్లతెరతో నాలుగు మాటలు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరవుభత్యం గురించి మాట్లాడిన వక్త తరువాత కంప్యూటరు సర్వరు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. ఇచ్చినది ఇరవై నిమిషాలు. వంటశాల నుంచి పులిహోర వాసన వస్తున్నది గనుక సూటిగా విషయానికి వస్తాను.

మన కార్యాలయంలో మూలనున్న బల్ల మీద ఒక పెట్టె ఉన్నది. మన సభ్యుల పెన్షను పేమెంటు ఆర్డర్ల నకళ్లు, నామినేషను కాగితాలు, చందా లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. దానిని అమర్చిపెట్టిన కుర్రవాడు బుద్ధిమంతుడే. ఉద్యోగం వచ్చి పొరుగు రాష్ట్రం వెళ్లిపోయాడు. ఆ తరువాత మన సభ్యుడొకరు కాలం చేశారు. ఆయన సతీమణికి కుటుంబ పెన్షను కోసం కాగితాలు కావలసి వచ్చాయి. అసలు ప్రతి ఇంట్లో దొరకలేదు. నకలు మన పెట్టెలో ఉన్నదని అందరికీ తెలుసు, తీసే దారి మాత్రం ఒక్కరికీ తెలియదు. తెర వెలిగిస్తే నల్లగా ఉన్నది, ఒక మూల చిన్న గీత మినుకుమినుకుమంటున్నది, అంతే. ఆ కుర్రవాడు ఫోనులో దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె మన మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నది.

ఎవరినీ తప్పు పట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. మన కాగితాలు మన అధీనంలో లేవని ఆనాడు తేలింది. అప్పుడు మేము ముగ్గురం కూర్చుని ఆ నల్లతెరను నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాము. మా ముగ్గురి వయస్సులూ కలిపితే రెండు వందలు దాటుతాయి. అయినా పని సాగుతున్నది. ఎలా సాగుతున్నదో మనవి చేస్తాను.

మొదట సర్వరు అంటే ఏమిటి? పేరు చూసి బెదరనక్కరలేదు. ఇతరులు అడిగినది అందించడానికి ఎప్పుడూ మేలుకొని ఉండే కంప్యూటరు, అంతే. రాత్రి డ్యూటీలో కౌంటరు వెనుక కూర్చున్న గుమాస్తా వంటిది. దానికి రంగుల బొమ్మలు, మౌసు అవసరం లేదు. మనం ఒక పంక్తి కొడితే అది ఒక పంక్తి జవాబిస్తుంది.

ఇది మనకు కొత్తా? నేను 1971లో రాజమండ్రి తంతి ఆఫీసులో చేరాను. టెలిప్రింటరు ముందు కూర్చుని ఇక్కడ కొడితే అక్కడ అచ్చయ్యేది, అక్కడ కొడితే ఇక్కడ అచ్చయ్యేది. ఈ నల్లతెర దాని మనుమడే. లినక్సు యంత్రంలో టి, టి, వై అని మూడు అక్షరాలు కొట్టి ఎంటరు నొక్కండి, మీరు ఏ టెర్మినలు ముందు కూర్చున్నారో చెబుతుంది. ఆ టి టి వై అన్నది టెలిటైపు అన్న మాటకు పొట్టి రూపం. 2013 జులై 15 నుంచి మన దేశంలో తంతి సేవ లేదు. కాని మన యంత్రం పేరు ప్రపంచంలోని లినక్సు సర్వర్లన్నింటిలో ఇంకా బతికి ఉన్నది.

ఇంకొక చుట్టరికం కూడా ఉన్నది. ఈ పద్ధతికంతటికీ మూలమైన యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో పుట్టింది. అది టెలిఫోను కంపెనీవారి పరిశోధనశాల! కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని ప్రధాన రూపశిల్పులు. ఆ రోజులలో వారు వాడిన టెలిటైపు సెకనుకు పది అక్షరాలు కొట్టేది. అంత నిదానపు యంత్రం మీద పొడుగు మాటలెవరు కొడతారు? అందుకే ఆజ్ఞలన్నీ పొట్టివి. జాబితా చూపమనడానికి ఎల్ ఎస్. నకలు తీయడానికి సి పి. చోటు మార్చడానికి ఎమ్ వి. తీసివేయడానికి ఆర్ ఎమ్. మాటకింత అని రుసుము వసూలు చేసిన మనకు ఈ పొదుపు వెంటనే అర్థం కావాలి. పెళ్లి శుభాకాంక్షలకు అంకె ఒకటి పంపితే అవతల పూర్తి వాక్యం రాసి ఇచ్చేవారం కదా! యూనిక్సు వంటిదానినే ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో సొంతంగా రాసి అందరికీ విడుదల చేశాడు. అదే లినక్సు. మన పెట్టెలో ఉన్నది అందులో డెబియన్ అనే రకం, ఉచితం.

నేను పలికే అక్షరాలన్నీ ఇంగ్లీషు చిన్నబడిలో కొట్టాలి. పెద్దబడి కొడితే అది వేరే మాట అనుకుంటుంది. మొదటి రోజు అందరినీ కంగారుపెట్టే సంగతులు రెండున్నాయి, ముందే చెప్పి ఉంచుతాను. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు, చుక్కలు కూడా పడవు. కీబోర్డు పాడయిందని మా మిత్రుడొకరు రెండు సార్లు తీగ ఊడదీసి పెట్టారు. పాడవలేదు, కొట్టి ఎంటరు నొక్కండి. రెండవది, పని సవ్యంగా జరిగితే చాలా ఆజ్ఞలు ఏమీ పలకవు. ఫైలు నకలు తీయమంటే తీసి ఊరుకుంటుంది. తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు, ఇక్కడ పూర్ణాంగీకారమే.

వేళ్లు వణికేవారికి ఒక ఉపాయం. ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబు మీట నొక్కితే మిగిలినది అదే పూర్తి చేస్తుంది. పై బాణం నొక్కితే ఇంతకు ముందు కొట్టిన ఆజ్ఞ తిరిగి వస్తుంది. ఏదైనా ఆగకుండా పరుగెడుతుంటే కంట్రోలు మీటతో సి నొక్కండి, ఆగుతుంది. అక్షరాలు ఆనకపోతే పెద్దవి చేసుకోవచ్చు. శుక్లాల ఆపరేషను దాకా ఆగనక్కరలేదు.

రోజూ మేము చూసేవి మూడే. డి ఎఫ్ అని కొట్టి, ఖాళీ వదిలి, చిన్న గీత, హెచ్ కొడితే డిస్కు ఎంత నిండిందో చెబుతుంది. అప్‌టైమ్ అంటే యంత్రం ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తున్నదో చెబుతుంది. ఫ్రీ అంటే జ్ఞాపకశక్తి ఎంత మిగిలిందో చెబుతుంది. (మనకు అటువంటి ఆజ్ఞ లేకపోవడం విచారకరం.) ఇంటి నుంచి ఈ పెట్టెను చూడడానికి ఎస్ ఎస్ హెచ్ ఉన్నది. అది కూడా 1995లో ఒక ఫిన్లండు దేశస్థుడే రాశాడు. మాటలను గుప్తలిపిలోకి మార్చి పంపుతుంది, దారిలో ఎవరైనా తీగకు చెవి ఆనించినా అర్థం కాదు.

ఇవన్నీ చెప్పినా మా తొలి తరగతిలో ఎవరూ చెయ్యి వేయలేదు. "ఏదైనా పాడైతే?" అన్నదే అందరి మాట. న్యాయమైన భయమే. ఆర్ ఎమ్ అని తీసివేసినది చెత్తబుట్టలోకి పోదు, పోయిందంటే పోయినట్లే. నలుగురి పెన్షను కాగితాలున్న యంత్రం మీద అభ్యాసం చేయమనడం ధర్మం కాదు. ఈ భయానికి మందే వర్చువలైజేషను.

టెలిఫోను విభాగం వారికి దీనిని ఒక్క మాటలో చెప్పవచ్చు. ఊరికీ ఊరికీ మధ్య తీగ ఒకటే, క్యారియరు పద్ధతిలో దాని మీద పన్నెండు సంభాషణలు నడిపేవారం. మాట్లాడే ప్రతివాడూ లైను తనదొక్కడిదే అనుకునేవాడు. ఇక్కడ ఒకే యంత్రాన్ని అలా పంచుతారు. హైపర్‌వైజర్ అనే ప్రోగ్రాము మధ్యన కూర్చుని, ఒక్కొక్క అతిథి యంత్రానికి ఇంత ప్రాసెసరు, ఇంత జ్ఞాపకశక్తి, ఇంత డిస్కు అని వాటా వేస్తుంది. అతిథి మాత్రం యంత్రమంతా తానే అనుకుంటుంది. ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం వారు 1960లలోనే పెద్ద యంత్రాల మీద దీనిని సాధించారు, 1972లో వీఎం 370 అనే పేరుతో ప్రకటించారు. మామూలు కంప్యూటరు ప్రాసెసర్లలో ఇందుకు ప్రత్యేక సదుపాయం 2005లో రావడం మొదలయింది. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్సులోనే భాగమయింది.

మీ ఇంట్లో మనుమడు వదిలివెళ్లిన లాప్‌టాప్ ఉంటే చాలు. ఎనిమిది జీబీ జ్ఞాపకశక్తి ఉంటే అతిథికి రెండు జీబీ, ఇరవై జీబీ డిస్కు ఇవ్వండి. బొమ్మల తెర లేని డెబియన్‌కు అది ధారాళం. విండోస్ మీదైతే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టుకోవచ్చు. అది మొరాయిస్తే చాలాసార్లు కారణం ఒకటే, బయాస్‌లో వర్చువలైజేషను మీట ఆపి ఉంటుంది. డెబియన్ ఎక్కించేటప్పుడు రూటు పాస్‌వర్డు అడిగినచోట ఖాళీగా వదిలేయండి. అప్పుడు మీ పేరుకే సుడో అనే అధికారం వస్తుంది. దానిని గురించి తరువాత చెబుతాను.

అతిథి సిద్ధం కాగానే చేయవలసిన మొదటి పని స్నాప్‌షాట్ తీయడం. ఆ క్షణంలో యంత్రం ఎలా ఉన్నదో అలా గుర్తు పెట్టుకోమని చెప్పడమన్నమాట. ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా రిటైరైన మన సోదరి ఒకరు (సభలోనే ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు) మా తరగతిలో అందరికన్నా వేగంగా కొడతారు. ఆమెను పిలిచి, అభ్యాసపు యంత్రంలో ఈటీసీ అనే డైరెక్టరీని మొత్తం తీసివేయమన్నాను. యంత్రం అమరికలన్నీ ఉండేది అందులోనే. ఆమె ఒకసారి నా వంక చూసి కొట్టేశారు. యంత్రాన్ని తిరిగి నడపబోతే నడవలేదు, ఏవేవో గొణిగి ఆగిపోయింది. గది నిశ్శబ్దం. అప్పుడు స్నాప్‌షాట్‌కు వెనక్కు మళ్లమని నొక్కాము. నిమిషంలోపు యంత్రం ఏమీ జరగనట్లు లాగిన్ అడిగింది. "అయితే ఇంకోసారి పాడుచేస్తానండీ" అన్నారామె. ఆ పూట ఏడుగురు వరుసగా పాడుచేశారు. మరుసటి తరగతికి ఎవరూ భయమన్న మాట ఎత్తలేదు. ఈ ప్రయోగం అతిథి యంత్రంలోనే సుమండీ! అసలు యంత్రంలో చేస్తే వెనక్కు మళ్లే దారి లేదు.

ఇప్పుడు కార్యాలయపు పెట్టెలోనూ కేవీఎం మీద అతిథులు ఇద్దరున్నారు. ఒకరి దగ్గర రికార్డులు, ఇంకొకరు అభ్యాసానికి. కొత్త మార్పులేవైనా వస్తే ముందు అభ్యాసపు యంత్రంలో ఎక్కించి, వారం చూసి, ఆ తరువాతే రికార్డుల యంత్రంలో ఎక్కిస్తున్నాము.

అయితే ఒక హెచ్చరిక. స్నాప్‌షాట్ ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండకండి. అది ఉండేదీ ఆ డిస్కులోనే. డిస్కు కాలిపోతే రెండూ కాలిపోతాయి. వేరే డిస్కు మీద, వేరే కప్పు కింద నకలు ఉండాలి. అందుకు ఆర్‌సింక్ అనే ఆజ్ఞ ఉన్నది, మారిన ఫైళ్లను మాత్రమే నకలు చేస్తుంది. రోజూ గుర్తు పెట్టుకుని కొట్టే ఓపిక మనకేది? క్రాన్ అనే నైట్ డ్యూటీ సూపర్‌వైజరుకు అప్పగించాము. దానికి చిట్టీలో అయిదు గడులుంటాయి. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. సున్నా, రెండు, తరువాత మూడు నక్షత్రాలు రాస్తే రోజూ తెల్లవారుజామున రెండు గంటలకు పని చేస్తుంది. నకలు డిస్కులు రెండున్నాయి. ఒకటి పెట్టెకు తగిలించి ఉంటుంది, రెండవది కోశాధికారిగారి ఇంటి బీరువాలో ఉంటుంది, ప్రతి ఆదివారం మారుస్తాము. నెలకొకసారి నకలులో నుంచి ఏదో ఒక కాగితం తెరిచి చూస్తాము. తెరుచుకోని నకలు ఎన్ని ఉన్నా ఏం లాభం?

ఇక సుడో. ఆజ్ఞకు ముందు ఈ మాట చేరిస్తే యంత్రంలో మీకు అడ్డు లేదు. ఎవరి ఫైలైనా తెరవవచ్చు, తుడిచివేయనూవచ్చు. ఎవరి పెన్షనెంత, ఎవరు ఎవరిని నామినీగా మార్చారు, ఎవరి పేరు కొట్టివేశారు, అన్నీ కనిపిస్తాయి. దీని మీద సభ్యులలో కొందరు అభ్యంతరం చెప్పారు, అది సబబే. 1885 నాటి తంతి చట్టం కింద తంతిలోని సంగతి బయటపెట్టడం మనకు నేరంగా ఉండేది. ఊళ్లో ఎవరింట చావు కబురు వచ్చినా, ఇంట్లో భార్యకు కూడా చెప్పకుండా మెసెంజరు చేత పంపినవాళ్లం. అదే నియమం ఇక్కడా పెట్టుకున్నాము. సుడో అధికారం ముగ్గురికే ఉన్నది. ముగ్గురూ మినిట్సు పుస్తకంలో సంతకం చేశారు. ఎవరెప్పుడు సుడో వాడారో యంత్రం తనంతట తానే లాగులో రాసుకుంటుంది, దానిని కార్యవర్గం ఎప్పుడైనా చూడవచ్చు. పాస్‌వర్డులు లక్క సీలు వేసిన కవరులో అధ్యక్షులవారి వద్ద ఉన్నాయి. మా ముగ్గురికీ ఒకేసారి ఏదైనా అయినా, ఏ ఇల్లాలూ తొమ్మిది రోజులు తిరగనక్కరలేదు.

ఇంకొక్క మాట. కరెంటు పోతుందని తెలిస్తే ప్లగ్గు పీకకండి. సుడో పవరాఫ్ అని కొట్టి, దీపం ఆరేదాకా ఆగండి. కార్యాలయం ఊడ్చే అమ్మాయికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచాము.

తరగతులు ప్రతి నెల రెండవ శనివారం ఉదయం పది గంటలకు, మన కార్యాలయంలోనే. రుసుము లేదు. లాప్‌టాప్ ఉన్నవారు దానితో పాటు ఛార్జరు తప్పక తెచ్చుకోవాలి, లేనివారికి అభ్యాసపు యంత్రం ఉన్నది. దగ్గరి చూపు కళ్లద్దాలు, ఒక నోటు పుస్తకం మరవకండి. కార్యవర్గంలో లేనివారు, ముఖ్యంగా కుటుంబ పెన్షను తీసుకుంటున్న సోదరీమణులు రావాలని నా కోరిక. వచ్చే సంవత్సరం సుడో అధికారం ముగ్గురి నుంచి అయిదుగురికి పెంచాలని తీర్మానం పెట్టబోతున్నాము. ఆ ఇద్దరి కోసం ఇప్పటినుంచే చూస్తున్నాము. పేర్లు భోజనాల దగ్గర కార్యదర్శిగారికి ఇవ్వవచ్చు.